మహారాజశ్రీ ఓసీఐ కార్డు గారికి

మహారాజశ్రీ ఓసీఐ కార్డు గారి సముఖమునకు, తమరిని జేబులో పెట్టుకుని తిరిగే మనిషికి స్వయానా అన్న, చిత్తూరు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరితో మాకు పరిచయం తక్కువే. ఎప్పుడో సెలవులకు తమ్ముడి వెంట వస్తారు, మా బీరువాలో అమ్మ పట్టుచీరల మధ్య కొన్నాళ్లు పడుకుంటారు, వెళ్లిపోతారు. ఓసీఐ అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, మా తమ్ముడిలా విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చేది. పేరుకు కార్డు గానీ చూస్తే చిన్న పుస్తకం. అట్ట మీద సింహాల ముద్ర చూసి మా మేనత్త పాస్‌పోర్టే అనుకుని కళ్లకద్దుకుంది. ఇది జీవితాంతం చెల్లే వీసా అత్తా, పుట్టిన ఊరికి రావడానికి వాడికి ఇచ్చిన అనుమతి అని చెబితే, "వాడికి అనుమతి ఎందుకురా, తలుపు తీసే ఉంది కదా" అంది. అలాంటివాళ్లకు పౌరసత్వ చట్టం బోధించడం నా వల్ల కాదు.

తమరి జన్మవృత్తాంతం మాత్రం కొంత చదివాను. 2003 జనవరిలో మొదటి ప్రవాసీ భారతీయ దివస్ జరిగినప్పుడు ప్రధాని వాజ్‌పేయి ద్వంద్వ పౌరసత్వం ఇస్తామన్నారు. చట్టం ఒక రూపానికి వచ్చేసరికి 2005 అయింది. 2006 జనవరిలో హైదరాబాదులో ఘనంగా సభ పెట్టి చేతికిచ్చింది మాత్రం తమరిని. ఓటు లేదు, పోటీ చేసే వీలు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు, రాష్ట్రపతి పదవి అసలే లేదు. మా వాడికి రాష్ట్రపతి కావాలన్న కోరిక ఏనాడూ లేదు కనుక ఆ నష్టం ఎలాగో భరించగలిగాం. ప్రతిగా దేశంలో తిరిగే విమానాల టికెట్లకూ, పురాతన కట్టడాల ప్రవేశ రుసుముకూ వాడిది మనవాడి లెక్కే. అంటే చంద్రగిరి కోట టికెట్టు కిటికీ దగ్గర మా తమ్ముడు భారతీయుడు. ఆ పక్కనే పోలింగు కేంద్రం దగ్గర నిలబడితే పరాయివాడు.

పౌరసత్వం పోవడం అంటే ఎవరో అధికారి నోటీసు ఇస్తాడని, సంజాయిషీ అడుగుతాడని, నాలుగు వాయిదాలు వేసి చివరికి తీసేస్తాడని నేను ఊహించుకున్నాను. అదేమీ లేదు. ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది దానంతటదే పోతుందని 1955 నాటి చట్టం 9వ సెక్షను అంటుంది. రాజ్యాంగంలో అదే అంకె ఉన్న అధికరణం ఇంకా పాతది. మిగతా రాజ్యాంగం చాలా వరకు 1950 జనవరి 26 దాకా ఆగింది గానీ, పౌరసత్వం అధికరణాలు 1949 నవంబరు 26నే అమలులోకి వచ్చాయి. దేశం రెండు ముక్కలై, ఎవరు ఎటు అన్నది తేలని రోజులవి. ఒక కాలు అక్కడా ఒక కాలు ఇక్కడా కుదరదని గట్టిగా చెప్పవలసిన అవసరం ఆనాటి పెద్దలకు ఉంది, కాదనను. కానీ కరాచీని తలచుకుని రాసిన మాట, డెబ్బై ఏళ్ల తర్వాత క్యాలిఫోర్నియాలో కంప్యూటర్ ముందు కూర్చున్న మా వాడికి తగులుతుందని వారు అనుకుని ఉండరు. 2022 ఒక్క ఏడాదిలోనే 2,25,620 మంది ఇలా భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. 2011 నుంచి లెక్కవేస్తే అప్పటికే 16 లక్షలు దాటారు.

తమరికి ముందు ఆ జేబులో ఉన్న నీలం పాస్‌పోర్టు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. అట్ట మూల కత్తిరించి, లోపల రద్దు ముద్ర కొట్టి తిరిగి ఇచ్చారు. తిరుపతిలో చదువుకునే రోజుల ఫోటో. పల్చటి మీసం, మెడ దాకా పెట్టిన గుండీ, పెద్దవాడిలా కనిపించాలన్న తాపత్రయం. ముద్ర సరిగ్గా పుట్టిన స్థలం రాసిన చోట పడి, చిత్తూరు మీద సిరా అలుక్కుపోయింది.

అసలు విడ్డూరం ప్రమాణం దగ్గర ఉంది. మా జిల్లాలో ప్రమాణమంటే కాణిపాకం. అప్పు ఎగ్గొట్టినవాడినైనా, పొలం గట్టు జరిపినవాడినైనా "కాణిపాకం వచ్చి చెప్పు" అంటే చాలు. ఎంతటి మొండివాడైనా తలస్నానం చేసి వినాయకుడి ముందుకు వచ్చేలోపే సగం నిజం కక్కేస్తాడు. అలాంటి చోట పెరిగినవాడు అక్కడెక్కడో ఒక హాల్లో కాగితం జెండా పట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి, అంతవరకు తాను పౌరుడిగా ఉన్న పరాయి రాజ్యం పట్ల, ఉంటే గింటే అక్కడి రాజుల పట్ల, ప్రభువుల పట్ల కూడా విధేయతను సంపూర్ణంగా త్యజిస్తున్నానని ప్రమాణం చేశాడు. పూట గడవకముందే నాకు ఫోను. "తోతాపురి ధర ఎంత పలుకుతోంది అన్నా? గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు టోకెన్లు ఇస్తున్నారా, ట్రాక్టర్లు ఇంకా గేటు దగ్గరే ఉన్నాయా?" త్యజించిన రాజ్యంలో మామిడి ధర పడిపోతే వాడికి నిద్ర పట్టలేదు. ఆ ప్రమాణం కాణిపాకంలో చేసి ఉంటే ఏమై ఉండేదో అని నేను ఇప్పటికీ భయపడుతుంటాను.

వాడు వదులుకోనివి ఇంకా ఉన్నాయి. తమరి దరఖాస్తులో వాటికి గడి లేదు. కులం సముద్రం దాటినా చెక్కుచెదరలేదు. ఒక్క భాషకు అక్కడ అన్ని సంఘాలు ఎందుకురా అని అడిగితే మాట మారుస్తాడు. ఇక్కడి ఎన్నికలకు అక్కడి రోడ్ల మీద కార్ల ఊరేగింపు తీస్తాడు. తన సెనేటరు పేరు మాత్రం తడుముకోనిదే చెప్పలేడు. ఈ సరుకంతటికీ, పాస్‌పోర్టు అప్పగించినవాడికి ఇచ్చినట్టు, సరెండర్ సర్టిఫికెట్టు ఇచ్చే కార్యాలయం ఎక్కడైనా ఉంటే చిరునామా తెలియజేయండి. దేశం విడిచి వెళ్లని మేము కూడా వచ్చి వరుసలో నిలబడతాం.

డబ్బు విషయంలో తమరి ప్రభుత్వానికి ఇంత పట్టింపు లేదు. విదేశాల నుంచి మనవాళ్లు పంపే సొమ్ము 2022లోనే 100 బిలియన్ డాలర్లు దాటింది. అందులో ఏ డాలరు పౌరుడిది, ఏ డాలరు పౌరసత్వం పోయినవాడిది అని ఎవరూ వేరుచేసి చూడరు. ఊళ్లో గుడి ప్రాకారానికి చందా రాయించుకునేవాళ్లూ పాస్‌పోర్టు చూపించమనలేదు.

ప్రేమ విషయంలో మాత్రం తమరు మహా కచ్చితం. రాజ్యాంగం పట్ల విముఖత చూపితే తమరిని రద్దు చేయవచ్చని పౌరసత్వ చట్టం 7డి సెక్షనులో ఉంది. నేను పుట్టుకతో పౌరుణ్ణి కాబట్టి ఆ బెంగ నాకు లేదు. మా వీధిలో ఓటుకు నోటు పుచ్చుకున్నవాడూ, అది చాలలేదని రెండో పార్టీ దగ్గరికి వెళ్లినవాడూ నిశ్చింతగా పౌరులే. రాజ్యాంగాన్ని చట్టప్రకారం ప్రేమించవలసిన బాధ్యత మా ఇంట్లో ఒక్క తమ్ముడి మీదే పడింది.

మే నెలలో తిరుపతి గంగజాతరకు తాతయ్యగుంట గంగమ్మకు కొండ మీది నుంచి సారె వస్తుంది. ఆమె స్వామివారి చెల్లెలు. ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, అయినా పుట్టింటివాళ్లు ఆమెను పరాయి పౌరురాలిగా నమోదు చేసుకోరు. పెళ్లయి వెళ్లిన కూతురికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఉందని 2005లో పార్లమెంటు హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. తమరి సవరణ కూడా అదే ఏడాది, అదే పార్లమెంటులో జరిగింది. అత్తవారింటికి వెళ్లిన కూతురికి వాటా దక్కింది. అమెరికా వెళ్లిన కొడుక్కి సారె మాత్రం పెట్టి సాగనంపారు. ఆ మాటకొస్తే చెల్లెలికి సారె పంపే స్వామివారే 1970లలో పిట్స్‌బర్గ్‌లో కొలువుదీరారు. అక్కడా సుప్రభాతం, అక్కడా హుండీ. కొండ మీద ఆయన పేరు కొట్టేసినట్టు ఎవరూ చెప్పలేదు.

వాడికి ఓటు ఇమ్మని అడుగుతున్నానని తమరు కంగారు పడవద్దు. క్యాలిఫోర్నియాలో కూర్చున్నవాడు మా సర్పంచిని ఎన్నుకోవడం నాకే ఇష్టం లేదు. మురుగుకాలువ వాసన పీల్చేవాడికే ఆ హక్కు ఉండాలి. పాస్‌పోర్టు మార్చుకోని ప్రవాసులకు ఓటు నమోదు చేసుకునే వీలు 2010 నాటి సవరణ ఇచ్చింది. వాళ్లయినా విమానం దిగి స్వయంగా వచ్చి వేయాలి, అది న్యాయమే.

నా గొడవ తోట గురించి. నాన్న పోయాక మామిడి తోట మా ఇద్దరికీ చెరి సగం వచ్చింది. వారసత్వంగా వచ్చింది కనుక తమరు అడ్డు చెప్పలేదు. నాకు పిల్లలు లేరు, మోకాళ్లు అరిగిపోయాయి. నా సగం వాడికి అమ్ముదామని అడిగితే, ఓసీఐ ఉన్నవాడు వ్యవసాయ భూమి కొనకూడదన్నారు. పోనీ ఊరికే రాసిస్తానంటే దానంగా కూడా తీసుకోకూడదట. ఫ్లాట్లు మాత్రం బెంగళూరు రోడ్డు పొడుగునా కొనుక్కోవచ్చు, ఎన్నని అడిగేవాడు లేడు. బడి నుంచి రాగానే బిందెలతో నీళ్లు మోసి తాను బతికించిన చెట్ల కింది నేల మాత్రం కొనడానికి లేదు. దస్తావేజులు రాసే ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఒక్క ముక్కలో తేల్చేశాడు: "చస్తే వస్తుందండీ, కొంటే రాదు."

మా ప్రాంతంలో ఈ చిక్కు కొత్తది కాదు. శంఖుడు, లిఖితుడు అని ఇద్దరు అన్నదమ్ములు కాణిపాకం యాత్రకు వస్తూ ఉంటే తమ్ముడికి ఆకలేసింది. వద్దన్నా వినకుండా దారిలో తోటలో మామిడిపండు కోశాడు. అన్న పోయి రాజుకు చెప్పాడు. రాజు తమ్ముడి చేతులు నరికించాడు. ఏటిలో మునిగితే చేతులు మళ్లీ వచ్చాయని, అందుకే ఆ ఏరు బాహుదా అయిందని స్థలపురాణం. లిఖితుడు కోసింది పరాయి తోటలో. మా వాడు తన తోటలోనే నిలబడి, నా వైపు గట్టు దాటవచ్చా లేదా అని వకీలును అడుగుతున్నాడు.

చివరికి వీలునామా రాయించాను. నా సగం వాడి పేరనే. అది అమలులోకి రావడానికి జరగవలసిన పని ఒక్కటే మిగిలిందనీ, అది నా చేతుల్లోనే ఉందనీ దస్తావేజులాయన చాలా మర్యాదగా గుర్తుచేశాడు. ఈ ఏడు పూత బాగా నిలిచింది, మందు కొట్టించాలి, బోరు మోటారు బాగుచేయించాలి. కాబట్టి ఈ విషయంలో నేను ఇప్పట్లో తొందరపడదలచుకోలేదని తమరి పై అధికారులకు విన్నవించగలరు.

ఇట్లు,
పుట్టుకతో పౌరుడు, చిత్తూరు