డెమో గారికి ఒంగోలు మైక్ సెట్ షాపు నుంచి

మహారాజశ్రీ డెమో గారికి,

ఒంగోలు కర్నూలు రోడ్డు పక్క సందులో షామియానా, మైక్ సెట్ షాపు నడుపుకునేవాడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు, మా గోడౌన్‌లో మీరు రోజురోజుకీ లావెక్కడం చూస్తూనే ఉన్నాను. మీరంటే అసలు రికార్డుకు ముందు మా గోడౌన్ కుర్రాళ్ళు వేసుకున్న నమూనా రికార్డింగు కదా, వచ్చినప్పుడు మూడు పాటలు. ఇప్పుడు మీ ఫోల్డర్ తెరిస్తే వార్డు ఓటర్ల లిస్టులాగా కిందికి జరుపుతూనే ఉండాలి. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'అసలు ఫైనల్', 'దీన్ని ముట్టుకోవద్దు', 'బాబాయ్‌కి వినిపించొద్దు'. ఆ చివరిది విన్నాను. ఉన్నవాటిలో అదే బాగుంది.

మిమ్మల్ని కన్న నలుగురి గురించి నాలుగు ముక్కలు. డ్రమ్స్ కుర్రాడు ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు. మా వైపు డ్రమ్స్ నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి బడి లేదు, ఫీజూ లేదు. బేస్ గిటార్ వాడు చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో లెక్కలు రాస్తాడు. కీబోర్డు వాడు ఆర్కెస్ట్రాల్లో పెళ్ళి పాటలు వాయించి, ఆ డబ్బుతో ఏ పెళ్ళివారూ వాయించనివ్వని పాటలు వాయిస్తాడు. గిటార్ వాడు ఇంజనీరింగ్ పూర్తి చేసి, ప్రస్తుతానికి గిటార్ వాయిస్తున్నాడు. వీళ్ళు చేసేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అనే పద్ధతి ఉండదు. ఒక పాటలో ఐదారు పాటలుంటాయి, దారిలో తాళం మారుతుంది, స్పీడు మారుతుంది, పాడేవాడు టీ తాగొచ్చేంత తీరిక ఉంటుంది. 1972లో జెత్రో టల్ అనే బ్యాండు ఒకే పాటను రికార్డుకు రెండు వైపులా పరిచింది, కాబట్టి మా వాళ్ళది మరీ అతి అనలేను. బ్యాండు పేరు ఇంకా ఖరారు కాలేదు. పేరు కూడా డెమోనే.

నా ఫిర్యాదు మీ సంగీతం మీద కాదు, మీరు చేస్తున్న ఉద్యోగం మీద. ఎవరైనా కాస్త ఆగి విని "గొంతు వినపడట్లేదేంది?" అంటే చాలు, మీరు అడ్డంపడతారు. "ఇది డెమోనే అన్నా, ఒరిజినల్ వేరే ఉంటది." పోనీ బాగుందంటే? అప్పుడూ అదే మాట. తిట్టినా వీళ్ళకు తగలదు, మెచ్చినా తగలదు, అన్నీ మీరే ఒంటి మీద వేసుకుంటారు. ఆ ఒరిజినల్‌ని ఇంతవరకు కళ్ళతో చూసినవాడు లేడు. ఎక్కడుందని అడిగితే "మైండ్‌లో ఉంది బాబాయ్" అంటారు. మైండ్‌లో ఉన్నదాన్ని స్పీకరుకు కలిపే వైరు మా షాపులో లేదు.

మీరు ఎట్లా పుట్టారో మీరు ఎక్కడా చెప్పుకోరు గనక నేనే చెబుతాను. మొదట గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. ఏదో వీడియోలో చూశారంట. చప్పుడు ఆగలేదు, బల్లులు మాత్రం కాపురం పెట్టాయి. తర్వాత నేనే పాత షామియానా గుడ్డలు, కార్పెట్లు మడతలు పెట్టి గోడల వెంట వేలాడదీయించాను. గది మారుమోగడం తగ్గింది. గుడ్డ పని అంతవరకే. బయటి మోత లోపలికి రాకూడదంటే గోడకు మందం ఉండాలి. అందుకే మూడో పాటలో గిటార్ ఒంటరిగా, మెల్లగా పలికేచోట, చీమకుర్తి నుంచి గెలాక్సీ రాయి దిమ్మెలు మోసుకొచ్చే లారీ ఒకటి గేరు మారుస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన వీళ్ళ ఫ్రెండు సరిగ్గా అక్కడ కళ్ళు మూసుకుని, "ఆ కింది సౌండు ఎట్ల చేసిన్రు భయ్?" అన్నాడు. "సింథ్, కీబోర్డులో చేశాం" అన్నారు మా వాళ్ళు, తడుముకోకుండా.

ఇంకో ముచ్చట. తొలిరోజుల్లో మీ పాటలన్నిటి కిందా సన్నగా ఒక గుయ్యిమనే మోత ఉండేది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ఎర్త్ సరిగా లేకపోతే ఆంప్లిఫయర్ దాన్నే పలుకుతుంది. వాళ్ళ స్వరాల లెక్కలో అది జి కన్నా పిసరంత ఎక్కువ. మా బేస్ వాడు ట్యూనర్ పక్కన పడేసి ఆ మోతకే తీగలు సరిచేసుకున్నాడు, మిగతావాళ్ళు వాడికి సరిచేసుకున్నారు. విద్యుత్ శాఖ ఇచ్చిన శ్రుతిలో ఆల్బం మొత్తం కుదిరిపోయింది. నేను ఊరుకోలేక గోడౌన్ వెనక గొయ్యి తవ్వించి, రాగి పలక దించి, ఉప్పూ బొగ్గూ పొరలుగా పోయించి, నీళ్ళు కొట్టించి కొత్త ఎర్త్ వేయించాను. మోత పోయింది. మర్నాడు నలుగురూ దిగాలుగా కూర్చున్నారు. పాటల్లో ఏదో తగ్గిందంట. అన్నీ మళ్ళీ మొదటి నుంచి రికార్డు చేశారు, మీరు ఇంకో పన్నెండు ఫైళ్ళు పెరిగారు.

ఇంత సిగ్గు దేనికండీ? మీ వంశం చిన్నదేం కాదు. ఇంగ్లండులో చార్టర్‌హౌస్ అనే స్కూల్లో కలిసిన పిల్లలు జెనెసిస్ అని బ్యాండు పెట్టి 1969లో మొదటి ఆల్బం తెచ్చారు. పేరు 'ఫ్రమ్ జెనెసిస్ టు రెవెలేషన్'. ఆ పేరు చూసి షాపుల వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి భక్తి పాటల అరలో పెట్టారు. అమ్ముడైనవి 650 దాకా. అదే మా దగ్గరైతేనా! 1878లో ఒక్కరోజున 2222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది, భక్తి అరలో పెట్టినా వెయ్యికి తగ్గకుండా పోయేవి. (విన్నాక ఎంతమంది వెనక్కి తెచ్చేవాళ్ళన్నది వేరే సంగతి.) అంత దెబ్బ తిన్నా వాళ్ళు "ఇది డెమోనే" అనలేదు. ఆల్బం అన్నారు, పోయింది అన్నారు, రెండోది మొదలుపెట్టారు.

కెనడాలో రష్ అనే ముగ్గురికి ఏ కంపెనీ తలుపు తీయకపోతే సొంత లేబుల్ పెట్టుకుని 1974లో రికార్డు వేశారు. స్టూడియో అద్దె తక్కువని రాత్రిళ్ళు వాయించారు. మా వాళ్ళూ రాత్రిళ్ళే, కాకపోతే వీళ్ళు అద్దె కూడా ఇవ్వరు. ఆ రికార్డు అమెరికాలో క్లీవ్‌లాండ్ రేడియోకి చేరితే, డోనా హాల్పర్ అనే ఆవిడ అందులోంచి ఏడు నిమిషాల పాట ఏరి గాలిలోకి వదిలింది. పాట పొడుగైతే రికార్డు తిప్పేవాళ్ళు బాత్రూంకి వెళ్ళి నింపాదిగా రావచ్చు, రేడియోలో అలాంటి పాటకు ఎప్పుడూ గిరాకీయే. అక్కడ ఆ బ్యాండు దశ తిరిగింది ఆ పాటతోనే.

స్టీవెన్ విల్సన్ అనే ఇంగ్లిషాయన ఇంకా ఘనుడు. 1987లో పోర్కుపైన్ ట్రీ అని లేని బ్యాండుకి పేరు పెట్టి, లేని సభ్యుల్ని, లేని చరిత్రని కల్పించి, ఇంట్లో ఒక్కడే వాయించి క్యాసెట్లు వదిలాడు. అది నిజమైన బ్యాండు అయ్యింది తర్వాతెప్పుడో. అక్కడ మనుషులు లేకుండా క్యాసెట్ వచ్చింది. ఇక్కడ నలుగురు మనుషులున్నారు, పొద్దున్నే నాలుగు ప్లేట్ల ఇడ్లీ నా ఖాతాలో తింటారు, క్యాసెట్టే లేదు. పేరు కుదరలేదన్న సాకు కూడా చెల్లదు. 1986లో మెజెస్టీ అని పేరేసుకుని వెయ్యి డెమోలు పంచినవాళ్ళు, ఆ పేరు మాదని ఇంకెవరో వస్తే డ్రీమ్ థియేటర్‌గా మారి హాయిగా ఉన్నారు. మీ వాలకం చూస్తుంటే మాత్రం పింక్ ఫ్లాయిడ్ దారే పట్టేలా ఉన్నారు. 1965 నాటి వాళ్ళ తొలి రికార్డింగులు రికార్డుగా బయటికొచ్చింది 2015లో. అంతదాకా గోడౌన్ ఖాళీగా ఉంచడం నా వల్ల కాదు.

తాళం సంగతి కూడా చెప్పాలి. మీ రెండో పాట ఏడు మాత్రల్లో నడుస్తుంది. అది లండన్ నుంచి దిగిన వస్తువని గిటార్ వాడి నమ్మకం. వేళ్ళు మడుస్తూ, పెదాలు కదుపుతూ, పరీక్ష రాస్తున్నంత టెన్షన్‌గా లెక్కపెడతాడు. ఒకరోజు మైకులు తిరిగివ్వడానికి పెళ్ళి మేళంలో డోలు వాయించే పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు. "తకిట తకధిమి. మిశ్రచాపు. బానే కొడుతుండాడు పిల్లోడు," అన్నాడు. తర్వాత ఐదు నిమిషాలు చూసి, "పాట ఎప్పుడు మొదలవుద్ది?" అన్నాడు. గిటార్ వాడి మొహం అప్పుడు చూడాలి. మార్కాపురం దాటి పోతే కంభం. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన శ్యామశాస్త్రి పూర్వీకులు ఆ ఊరివాళ్ళే. మూడూ నాలుగుగా ఉన్న ఆ ఏడు మాత్రల చాపు తాళాన్ని ఆయన నాలుగూ మూడుగా తిరగేసి విలోమచాపులో కృతులు కట్టాడు. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల, అదీ ఆ పక్క ఊరే. చాపు ఈ గాలిలో ఉన్నదే కదా, వేళ్ళు మడవడం మానేసి తల ఊపుతూ వాయించొచ్చుగా అన్నాను. "అది డెమోలో కుదరదు బాబాయ్" అన్నాడు. చూశారా, అక్కడా మీరే.

ఇక అసలు విషయానికి వస్తాను. మీకు తెలియకుండా మిమ్మల్ని రిలీజ్ చేశాను.

మొన్న తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పోటీలకు మైక్ నాదే. ఆరు పళ్ళ వయసు ఎడ్ల విభాగంలో ఒక జత దిగి ఇంకో జత బండకు కట్టేదాకా మధ్యలో ఖాళీ ఉంటుంది. కామెంటరీ చెప్పేవాడికి గొంతు బొంగురుపోయింది, "ఏదన్నా పాట ఎయ్ అన్నా, పొడుగ్గా ఉండేది" అన్నాడు. క్లీవ్‌లాండ్ గుర్తొచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టి మూడో పాట వదిలాను, నాలుగు హారన్ స్పీకర్లలో. కొత్త జతను తోలుకొచ్చే ఆసామి ఒకసారి స్తంభం వైపు చూశాడు. ఎద్దులు బెదరలేదు. లారీ గేరు మారేచోట మాత్రం గట్టు మీద కూర్చున్న సగంమంది వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశారు. జత కట్టడం అయిపోయినా పాట అవ్వలేదు, కమిటీవాళ్ళు ఆపమని చెయ్యి ఊపారు. ఆపాను. "అది కానియ్యకుండానే ఆపితివేంది?" అని ఒక రైతు కేకేశాడు. ఇంతవరకు మీ గురించి ఎవరూ అనని మాట అది. గొంతు సరిగా లేదని, బేస్ ఎక్కువైందని, మిక్సింగ్ కుదరలేదని ఒక్కరూ అనలేదు. వాళ్ళకు మీరు డెమో అని ఎవరూ చెప్పలేదు మరి.

సాయంత్రం ఇద్దరు కుర్రాళ్ళు స్టేజి వెనక్కొచ్చి పెన్‌డ్రైవ్ కాపీ అడిగారు. ఒకడు ట్రాక్టరులో పెట్టుకుంటానన్నాడు. ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు, ఎంతని చెప్పాలో తెలియక. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా నలుగురూ నాతో మాట్లాడటం లేదు. "అది ఫైనల్ కాదు బాబాయ్, అందులో లారీ ఉంది," అని బేస్ వాడు ఒక్కడు మాత్రం గుమ్మంలోంచి అరిచిపోయాడు. లారీ లేని వెర్షన్ మొదలుపెట్టారని కీబోర్డు వాడి ద్వారా తెలిసింది. మీరు ఒప్పుకోకండి. కాపీ అడిగిన ఇద్దరూ లారీ ఉన్నదే కావాలన్నారు.

ఇట్లు,
మీ గోడౌన్ ఓనరు

తా.క.: డ్రమ్స్ కింద పరిచిన ఎర్ర కార్పెట్ పెళ్ళి బేరాలది. ముహూర్తాలు మొదలయ్యేలోగా ఇప్పించగలరు. దాని మీద టీ మరకలుంటే ఉతికించే ఖర్చు మీ ఒరిజినల్ గారి ఖాతాలో రాస్తాను.