ఆ సీసా మీద అక్షరాలు నావి

ఒళ్లు మండిపోతోంది, అందుకే ఈ అర్ధరాత్రి ఇంత పెద్ద పోస్టు.

సాయంత్రం ఇన్‌స్టా తెరిచాను. వేసవి సెలవుల్లో నేను ఇంటర్న్‌షిప్ చేసిన స్టూడియో వాళ్లు కొత్త ప్రాజెక్టు పెట్టారు. పచ్చళ్ల బ్రాండ్. సీసాలు వరసగా పేర్చి, వెనక అరిటాకు పరిచి, లైటింగ్ అదరగొట్టి ఫోటోలు తీశారు. ఆ సీసాల మీద 'గోంగూర', 'ఆవకాయ', 'పండుమిర్చి' అని ఉన్నాయే, ఆ అక్షరాలు నావి. ఫాంటు కాదు. కాగితం మీద బ్రష్‌తో రాసి, స్కాన్ చేసి, కంప్యూటర్‌లో పెన్ టూల్‌తో ఒక్కో వంపూ గీసుకున్నవి. కింద క్రెడిట్స్ బారెడు ఉన్నాయి. క్రియేటివ్ డైరెక్షన్ ఫలానా, స్ట్రాటజీ ఫలానా, ఫోటోగ్రఫీ ఫలానా. అరిటాకు సర్దిన స్టైలిస్టు పేరు కూడా ఉంది. ఉండాలి, ఆవిడ పని ఆవిడ చేసింది. లెటరింగ్ ఎవరు చేశారో మాత్రం ఎక్కడా లేదు.

మర్యాదగానే మెసేజ్ పెట్టాను. "సార్, లెటరింగ్‌కి నా పేరు కూడా ట్యాగ్ చేస్తారా?" అంతే. వచ్చిన జవాబు ఇది: "అది టీమ్ వర్క్ అమ్మా. క్లయింట్‌తో ఎన్‌డీఏ ఉంది, నువ్వు పోర్ట్‌ఫోలియోలో కూడా పెట్టుకోకు. ఇంత చిన్న వాటికి ఫీలైతే ఇండస్ట్రీలో కనెక్షన్స్ పాడైపోతాయి. ముందు కనెక్షన్స్ బిల్డ్ చేసుకో."

ఎన్‌డీఏ అంటే పని సంగతి బయట చెప్పకూడదనే ఒప్పందం. సూపర్‌మార్కెట్ అరలో అమ్ముతున్న సీసాకి ఎన్‌డీఏ ఏమిటి? వాళ్లే ఫోటోలు తీసి లోకమంతా చూడమని పెట్టుకున్నదాన్ని నేను చూపిస్తే రహస్యం బయటపడిపోతుందా?

అసలు ఆ అక్షరాల వెనక ఎంత పని ఉందో చెప్తాను. 'గోంగూర'లో రెండు 'గ'లు. ఒకదాని నెత్తిన ఓత్వం, ఇంకోదాని పక్కన కొమ్ము దీర్ఘం, మధ్యలో సున్నా. మామూలుగా రాస్తే కుడివైపు బరువెక్కి మాట ఒరిగిపోయినట్టు కనిపిస్తుంది. సున్నాని కొంచెం పెద్దది చేసి, ఓత్వం తోకని దాని మీదకి లాగి నిలబెట్టాను. 'పండుమిర్చి' అయితే ఏడిపించింది. 'ర్చి' కింద చ ఒత్తు దిగి లేబుల్ అంచు గీతకి తగిలేది. "ఒత్తు చిన్నది చేసెయ్" అన్నారు డైరెక్టర్ సార్. ఆయనకి తెలుగు చదవడం రాదు. ఒత్తు ఇంకా చిన్నదైతే ప్రింటులో ఇంకు నిండి ముద్దయిపోతుంది, మిర్చి కాస్తా ఇంకేదో అవుతుంది అని చెప్పీ చెప్పీ, చివరికి లేబుల్ ఎత్తునే నాలుగు మిల్లీమీటర్లు పెంచేలా ఒప్పించాను. ఈ రోజు ఆ పోస్టు కింద కామెంట్లు చూడండి. "తెలుగు టైపోగ్రఫీ సూపర్", "ఫాంట్ పేరు చెప్పండి ప్లీజ్". స్టూడియో వాళ్లు అన్నిటికీ దండం ఎమోజీ పెడుతున్నారు.

స్టైపెండ్ ఎంత అని అడగబోతున్నారు కదా. సున్నా. ఇంటర్వ్యూలోనే చెప్పారు, డబ్బులు ఇవ్వలేం కానీ మంచి కనెక్షన్స్ వస్తాయని. హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు నెలకి ఎనిమిది వేలు మా నాన్న కట్టారు. మెట్రో కార్డులో డబ్బులు మా నాన్నే వేశారు. అంటే ఆ పచ్చళ్ల కంపెనీ ప్యాకేజింగ్ ఖర్చులో కొంత భాగం తెనాలిలో కిరాణా కొట్టు నడుపుకునే మనిషి భరించాడు. ఇల్లు జూబ్లీహిల్స్‌లో ఉన్న పిల్లలు జీతం లేకుండా ఆర్నెల్లయినా చేయగలరు, ఆర్నెల్లు చేసినవాళ్లకే ఉద్యోగం ఇస్తారు. తర్వాత "టాలెంట్ ఉన్నవాళ్లు ఎక్కడున్నా పైకొస్తారు" అని స్టేజీ ఎక్కి చెప్తారు.

నైకీ కథ చెప్పని డిజైన్ సార్ మీకెవరైనా తగిలారా? మాకు మొదటి వారమే చెప్పారు. 1971లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకునే కరొలిన్ డేవిడ్‌సన్ అనే అమ్మాయి 35 డాలర్లకే స్వూష్, అంటే నైకీ బూట్ల మీద ఉండే ఆ గుర్తు, గీసిచ్చింది, కాబట్టి మీరూ డబ్బు లెక్కలు చూసుకోకండి అని. మిగతా సగం కథ చెప్పరేం? ఫిల్ నైట్ ఆమెకి గంటకి రెండు డాలర్ల చొప్పున లెక్కగట్టి ఇచ్చాడు. స్టూడెంట్ కదా, నేర్చుకుంటుందిలే అని ఊరికే చేయించుకోలేదు. 1983లో కంపెనీ ఆమెని పిలిచి స్వూష్ ఉన్న ఉంగరం, షేర్లు ఇచ్చింది. యాభై ఏళ్లు దాటినా ఆమె పేరు మన క్లాసుల్లో వినపడుతోంది. మీ స్టూడియోలో ఇంటర్న్ పేరు మూడు నెలలు కూడా ఎందుకు బతకలేదు సార్?

మన దేశంలో సంగతే చూడండి. రూపాయి గుర్తుకి కేంద్రం పోటీ పెట్టింది. 2010లో ఐఐటీ బాంబేలో పరిశోధన చేసిన డి. ఉదయకుమార్ డిజైన్ ఎంపికైంది. ₹2.5 లక్షల బహుమతి ఇచ్చారు, పేరు దేశమంతా తెలిసింది. గూగుల్ ఫాంట్స్‌లో మనం ఉచితంగా దించుకుని ఎడాపెడా వాడేసే రామభద్ర ఫాంటు పేజీ తెరవండి, గుత్తుల పురుషోత్ కుమార్ గారి పేరు కనిపిస్తుంది. ఉచితంగా పంచేదానికే పేరు ఉన్నప్పుడు, డబ్బులు తీసుకుని క్లయింట్‌కి అమ్మినదానికి ఎందుకు ఉండదు?

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఏ కాలేజీలోనూ చెప్పరు. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్. హక్కులన్నీ రాసిచ్చేసినా సరే, ఈ పని చేసింది నేనే అని చెప్పుకునే హక్కు చేసినవాళ్లకి ఉంటుంది. డబ్బు హక్కు కంపెనీదైతే కంపెనీదే, నేను దాని జోలికి పోవట్లేదు. నా పేరు అడుగుతున్నాను.

మా మావయ్య తెనాలిలో బోర్డులు రాసేవాడు. రేకు మీద తెల్ల రంగు పూసి, సుద్ద పట్టించిన దారం లాగి కొట్టి గీతలు వేసి, ఎనామిల్ పెయింటుతో 'కిరాణా అండ్ జనరల్' అని అక్షరాలు పోస్తుంటే బడి ఎగ్గొట్టి మరీ చూసేదాన్ని. బోర్డు అయిపోయాక కింద కుడి మూల వేలెడంత జాగాలో తన పేరు, పక్కన 'ఆర్ట్స్', ఊరి పేరు. ఏ షాపు ఓనరూ అది తీసెయ్యమనలేదు. ఆ మూల చూసుకునే పక్క బజారు నుంచి ఇంకో షాపాయన వెతుక్కుంటూ వచ్చేవాడు. ఆయనకి కనెక్షన్స్ అంటే అవే. బాపు గారు బొమ్మ కింద సంతకం పెట్టారు. పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ గారి పేరు సినిమా పోస్టర్ మీదే కనపడేది, హీరో బొమ్మ పక్కన. లారీ వెనక 'హారన్ ప్లీజ్' రాసే ఆయనకి కూడా సంతకం పెట్టుకునే చోటు ఉంది. నాలుగేళ్లు ఫీజు కట్టి చదువుకున్న మాకు లేదు.

అసలు నా మంట ఈ సాయంత్రంది కూడా కాదు. థర్డ్ ఇయర్ జ్యూరీ నాటిది, అంటే మా సెమిస్టర్ పనిని అందరి ముందు పెట్టి గ్రేడ్ వేసే రోజుది. సెమిస్టర్ అంతా తెనాలి, బాపట్ల, రేపల్లె తిరిగి ఇంకా మిగిలున్న చేతిరాత బోర్డుల ఫోటోలు తీశాను. ఆ అక్షరాల తీరు పట్టుకుని ఒక తెలుగు అక్షరమాల గీశాను, గుణింతాలు, ఒత్తులతో సహా. ఇండస్ట్రీ నుంచి గెస్టుగా వచ్చిన పెద్దమనిషి రెండు షీట్లు తిప్పి, "నైస్, కానీ స్కోప్ లేదు. పెద్ద కెరీర్ కావాలంటే లాటిన్ టైప్ మీద ఫోకస్ చెయ్" అన్నారు. మా ఫ్యాకల్టీ తలాడించారు. ఆయన అన్నమాట కాదనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. గ్రేడ్ తగ్గింది. లాటిన్ టైప్ అంటే ఇంగ్లిష్ రాసే అక్షరాలే. మా క్లాసులో సగం మంది ఆ తర్వాత '36 డేస్ ఆఫ్ టైప్'లో పడ్డారు, రోజుకో అక్షరం గీసి ఆన్‌లైన్‌లో పెట్టే ఛాలెంజ్ అది. అందులో ఉండేవి ఇంగ్లిష్ 26 అక్షరాలు, పది అంకెలు. మన ఒక్క 'క' గుణింతం, ఒత్తులు గీయడం మొదలుపెడితేనే తెలుస్తుంది ఎవరి పని ఎంతో.

స్కోప్ లేదన్నారు కదా. మరి ఆ ఇండస్ట్రీకే సీసా మీద తెలుగు కావాల్సివచ్చినప్పుడు ఏం చేసింది? నేను చేరిన రోజు ఆ లేబుల్ మీద 'పండుమిర్చి' విరిగిపోయి ఉంది. డిజైన్ చేసే ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో, అక్షరాలు పేర్చే కంపోజర్ సెట్టింగ్ మార్చకుండా యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తు ఊడి పక్కకొస్తుంది, 'ర' మీద పొల్లు వచ్చి 'చి' విడిగా నిలబడుతుంది. అదే ప్రింటుకి పంపబోతున్నారు. ఆ గదిలో దాన్ని చదవగలిగింది నేనూ, టీ తెచ్చే అన్నా. హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద హోర్డింగులు చూడండి, ఎన్నిటి మీద ఒత్తులు విడిపోయి వేలాడుతున్నాయో. లక్షలు పోసి చేయించిన బ్రాండింగ్‌లో ఇంగ్లిష్‌కి మూడు నెలలు, తెలుగుకి చివరి అరగంట. షాపు బోర్డు మీద తెలుగు ఉండాలి కాబట్టి పెడతారు.

నాగార్జున యూనివర్సిటీ ప్రాంగణంలో 2015లో ఎన్‌ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, మొదలైంది, మా ఇంటికి గంట దూరం. అక్కడ ఏం నేర్పుతారో మా వీధిలో ఒక్కరికీ తెలియదు. మా బడికి వచ్చి చెప్పినవాళ్లూ లేరు. ఎంసెట్ కోచింగ్ పాంప్లెట్లు మాత్రం రోజూ గుమ్మంలో పడేవి.

కాలేజీలో 'ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్' అని ఒక పేపర్ కూడా ఉంది. లింక్డ్‌ఇన్ బయో ఎలా రాయాలి, షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి, ముప్పై సెకన్లలో మన గురించి ఎలా చెప్పుకోవాలి, అన్నీ నేర్పారు. కొటేషన్ ఎలా రాయాలో నేర్పలేదు. ఇన్వాయిస్ చూపించలేదు. అడ్వాన్స్ ఎంత తీసుకోవాలి, ఎన్ని కరెక్షన్ల తర్వాత అదనంగా ఛార్జ్ చేయాలి, పన్ను కింద టీడీఎస్ ముందే కోసుకుంటే తిరిగి ఎలా తెచ్చుకోవాలి, ఒక్క క్లాసు లేదు. డబ్బు గురించి అడగడం నేర్పకుండా మమ్మల్ని నెట్‌వర్కింగ్ ఈవెంట్లకి తోలతారు. ₹999 టికెట్ కొనుక్కుని, పోర్ట్‌ఫోలియో రివ్యూ అని క్యూలో నిలబడితే, ఎదురుగా కూర్చున్నాయన ఫోన్ చూసుకుంటూ మన పీడీఎఫ్ జరిపి, "గుడ్, ఇన్‌స్టాలో ఫాలో అవ్వు" అంటారు. ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడే పిల్లలకి ఇంకో పది నిమిషాలు దొరుకుతుంది, వాళ్లు బయటికి నంబర్ తీసుకునే వస్తారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు సమోసా ప్లేటు పట్టుకుని గోడ పక్కన నిలబడతారు. మీలో చాలామంది ఆ గోడ పక్కన నాతోపాటే నిలబడ్డారు.

ఈ నాలుగేళ్లలో నాకు నిజంగా అక్కరకొచ్చిన మనిషి విజయవాడలో ఒక ప్రెస్‌లో డీటీపీ చేసే అన్న. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తో పెళ్లి కార్డులు, కరపత్రాలు, సంఘాల సావనీర్లు కొడుతూ జీవితం గడిపిన మనిషి. సెకండ్ ఇయర్‌లో మా కజిన్ పెళ్లి కార్డు ఫైలు పట్టుకెళ్తే స్క్రీన్ చూసి, "ఏంటమ్మా, ఈ చిన్న అక్షరాలకి నాలుగు రంగులూ కలిపి నలుపు పెట్టావు? ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగులు బయటికొస్తాయి. ఒక్క కే వందే పెట్టు" అన్నాడు, అంటే నలుపు ఇంకు ఒక్కటే నూటికి నూరు శాతం. నాకు కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కోసే గీత దాటి చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా రంగు వదిలే బ్లీడ్ ఎందుకో కటింగ్ మెషీన్ దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. ముదురు రంగు మీద తెల్ల అక్షరం వస్తే సన్నగీతలు ఇంకుతో పూడుకుపోతాయి, ముందే లావు చేసుకోవాలి అన్నాడు. ఆ స్టూడియోలో చ ఒత్తు గురించి నేను గట్టిగా నిలబడగలిగానంటే ఆయన నేర్పినదే. ఆయనకి లింక్డ్‌ఇన్ లేదు, విజిటింగ్ కార్డు లేదు. ఇప్పటికీ ఏ అనుమానం వచ్చినా వాట్సాప్‌లో ఫోటో పెడితే, మెషీన్ల చప్పుడు మధ్య నుంచి వాయిస్ మెసేజ్ వస్తుంది. అలాంటివాళ్ల దగ్గరికి మమ్మల్ని ఒక్కరోజైనా పంపిందా కాలేజీ?

సరే. ఆ మూడు లేబుళ్లూ నా పోర్ట్‌ఫోలియోలో ఇందాకే పెట్టేశాను. బ్రష్ డ్రాఫ్టులు, స్కాన్లు, తేదీలున్న ఫైళ్లతో సహా. స్టూడియోకి మెయిల్ కూడా వెళ్లింది, పోస్టులో 'లెటరింగ్' అని నా పేరు చేర్చమని. కనెక్షన్ పాడైతే పాడవనీ, అది ఎటూ నాకు పైసా ఇచ్చింది కాదు.

జూనియర్స్, ఈ వేసవికి ఎక్కడైనా చేరేముందు స్టైపెండ్ ఎంత, పని బయటికొచ్చినప్పుడు పేరు వేస్తారా, పోర్ట్‌ఫోలియోలో ఎప్పటినుంచి పెట్టుకోవచ్చు, ఇవి ఫోన్‌లో కాదు, మెయిల్‌లో రాయించుకోండి. ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే ముందు నాకు పంపండి, కూర్చుని కలిసి చదువుదాం.

రేపు పొద్దున్నే మా ప్లేస్‌మెంట్ కోఆర్డినేటర్ మ్యామ్ దగ్గరికి వెళ్తున్నాను. సర్టిఫికెట్ కావాలి, అడ్జస్ట్ అవ్వండి అని మమ్మల్ని పంపింది ఆవిడే. వచ్చే బ్యాచ్‌ని అదే స్టూడియోకి పంపే లిస్టు ఇప్పటికే రెడీ అయిందట. ఆ లిస్టు మీద సంతకం పెట్టే ముందు జీతం, పేరు రెండూ వాళ్లచేత రాయించండి మ్యామ్, రాయకపోతే పిల్లల్ని పంపకండి అని అడుగుతాను. నాతో వచ్చేవాళ్లు తొమ్మిదిన్నరకి గేటు దగ్గర ఉండండి.