ఐదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది
వేరే మతాల వాళ్ళ ఆచారాల గురించి హైస్కూల్‌కి వచ్చాక చెబితే చాలు, చిన్నపిల్లలకు అర్థం కాదన్న మాట నేను ఒప్పుకోను. మాది కడప. ఉగాది రోజు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు రావడం ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. మా పాపకు ఐదేళ్ళప్పుడు, లైన్లో ముందు బురఖాలో ఉన్నామెను చూసి "వీళ్ళు మన గుడికెందుకొచ్చారు?" అని గట్టిగా అడిగేసింది. నాకు ఒకటే టెన్షన్. మా అత్తమ్మ మాత్రం తొణక్కుండా "బీబీ నాంచారమ్మ వాళ్ళింటి ఆడబిడ్డ, స్వామి వాళ్ళకు అల్లుడు. పండక్కి అల్లుణ్ణి చూడ్డానికి రారా?" అంది. ఆ బురఖా ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. దర్శనమయ్యాక తన కొబ్బరిచిప్పలో ఒక ముక్క తీసి పాప చేతిలో పెట్టింది. ఆ తర్వాత రంజాన్ వచ్చినప్పుడు "మనం ఎవరింటికి పోవాల?" అని పాపే అడిగింది.