"జెస్" అన్నందుకు నవ్వినవాళ్ళకి

మొన్న ఆదివారం పాట్‌లక్‌ విందులో ఒకాయన తన ఇంటి పైకప్పు బాగుచేసిన మెక్సికన్ మేస్త్రీ "యెస్" పలికే తీరుని అనుకరిస్తూ "జెస్ సార్, జెస్ సార్" అంటుంటే జనం పడీ పడీ నవ్వారు. ఆ పెద్దమనిషికి పడమటి దిక్కూ, చొక్కా మీద తొడుక్కునేదీ రెండూ "వెస్ట్"లే. ఇంగ్లీషులో డబ్ల్యూ, వి వేరువేరు శబ్దాలు, మన తెలుగుకున్నది ఒక్క వకారం. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

డల్లస్‌లో మా ఎదురింటాయనది మెక్సికోలోని ప్వెబ్లా. టైల్స్ పని. నన్ను "బెసీనో" అంటాడు, అంటే పొరుగువాడా అని. రాసేది వి తోనే, పలికేది మాత్రం బ. స్పానిష్‌లో ఆ రెండక్షరాలకీ శబ్దం ఒక్కటే. అందుకే బళ్ళో పిల్లలకి "బుర్రోలో బి, వాకాలో వి" అని, గాడిదనీ ఆవునీ చూపించి గుర్తు చెప్పాల్సి వస్తుంది.

రాత్రి పనినుంచి వచ్చాక గరాజ్‌లో కూర్చుని ఫోన్‌లో ఉచ్చారణ యాప్ పెట్టుకుంటాడు. ఆవేళ మాట "స్కూల్". ఈయన "ఎస్కూల్" అంటాడు, ఎర్ర గీత. మళ్ళీ అంటాడు, మళ్ళీ ఎర్ర గీత. ఆరోసారికి ఫోన్ బోర్లించి పెట్టేశాడు. తప్పని చెప్పడం తప్ప ఎందుకు తప్పో ఆ యాప్ చెప్పదు. స్పానిష్ మాట ఏదీ స పక్కన ఇంకో హల్లుతో మొదలవదు, ముందు ఎ రావాల్సిందే: ఎస్క్వేలా, ఎస్తాసియోన్, ఎస్పాన్యా. మా నాయనమ్మ "ఇస్కూలు", "ఇస్టేషను" అనేది కాబట్టి నాకు వెంటనే వెలిగింది. "మై స్కూల్ అనకు, మైస్ కూల్ అను" అన్నాను. స ని ముందు మాటకి అంటించెయ్యడమే, అలా పలకడం వాళ్ళకి పుట్టుకతో వచ్చు. పచ్చ గీత పడింది. "ఆందలే!" (అదీ!) అని తొడ చరిచాడు.

నా గోలంతా ఇదే. ఇంగ్లీషు క్లాసుల్లో వాళ్ళ నోట్లో ఉన్నదేంటో చూడకుండా లేనిదాని కోసం అద్దం ముందు నాలుక బయటపెట్టిస్తారు. "దిస్"లో ద కావాలా? స్పానిష్‌లో "నాద" (ఏమీ లేదు) అన్నప్పుడు మధ్యలో మెత్తబడే ద దాదాపు అదే. అమెరికన్ "వాటర్"లో ట కావాలా? స్పానిష్ "కార" (ముఖం) అన్నప్పటి ర అక్కడ పెట్టుకుంటే చాలు. ఈ రెండు ముక్కలూ ఏ క్లాసులోనూ ఆయనకి చెప్పలేదట!

నిజంగా చెమటోడ్చాల్సింది అచ్చుల దగ్గర. స్పానిష్‌కి ఉన్నవి ఐదే, హ్రస్వం దీర్ఘం గొడవ లేదు. అందుకే ఇక్కడే ఉంటున్నా అనబోయి "ఐ లీవ్ హియర్" అంటాడు, అంటే వెళ్ళిపోతున్నానని. మనం గుణింతం దిద్దినవాళ్ళం, సగం గట్టెక్కాం. సగమే లెండి, తేడా పొడవొక్కటే కాదు, "లివ్"లో నాలుక కాస్త కిందికి జారాలి.

తర్వాత ఊనిక. హాస్పిటల్, యానిమల్, డాక్టర్ రెండు భాషల్లోనూ ఒకే స్పెల్లింగు. వాళ్ళు చివర నొక్కుతారు, ఇంగ్లీషు మొదట నొక్కి మిగతాది మింగేస్తుంది. రాసిందే చదివే అలవాటు మనదీ వాళ్ళదీ కూడా. కాబట్టే "కంఫర్టబుల్" అని ప్రతి అక్షరానికీ న్యాయం చేసి ఇద్దరం దొరికిపోతాం.

యాస పోగొడతామనే ప్రకటనలు చూస్తే ఒళ్ళు మండుతుంది. "బెరీ గుడ్" అంటే అర్థంకానివాడు ఎవడూ లేడు, దాన్నలా వదిలెయ్యండి. ఆ డబ్బూ టైమూ లివ్‌కీ లీవ్‌కీ పెట్టండి.

పోయిన శనివారం నాకు ఎదురు పరీక్ష పెట్టాడు. స్పానిష్‌లో "పెరో" అంటే కానీ, "పెఱ్ఱో" అంటే కుక్క. మనకీ ఒక బండి ఱ ఉండేది, పలకడం ఎప్పుడో మానేశాం. నేను కుక్క కుక్క అనుకుంటూ మూడుసార్లు "కానీ, కానీ, కానీ" అన్నానట. వాళ్ళ చిన్నమ్మాయి నవ్వలేక కుర్చీలోంచి జారిపోయింది.