అమ్మినవారి జేబులోనే తాళంచెవి

కొన్న ఈ-పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని, యూఎస్‌బీ తీగ ద్వారా తన చదువు పరికరం కిండిల్‌లోకి ఎక్కించుకునే సదుపాయాన్ని అమెజాన్ సంస్థ 2025 ఫిబ్రవరి 26 నుంచి ఎత్తేసింది. అప్పటినుంచి పుస్తకం వైఫై మీదుగా సంస్థ సర్వర్ నుంచి నేరుగా పరికరంలోకి రావలసిందే తప్ప, డబ్బు చెల్లించిన పాఠకుడు తనకంటూ ఒక ప్రతిని కంప్యూటర్‌లో దాచుకునే ఈ అధికారిక మార్గం మిగలలేదు. అమెరికాలో పాత మొబైల్ నెట్‌వర్క్‌లు మూతపడ్డాక ఆ తీగనే నమ్ముకున్న, వైఫై లేని తొలితరం కిండిల్ పరికరాలకైతే అమెజాన్‌లో కొన్న కొత్త పుస్తకం చేరే దారే లేకుండా పోయింది.

దీన్ని చిన్న మార్పుగా కొట్టిపారేయలేం. హక్కుల వివాదం తలెత్తిందంటూ 2009 జులైలో ఇదే సంస్థ, నిఘా రాజ్యాన్ని చిత్రించిన ఆర్వెల్ ‘1984’ నవలను పాఠకుల పరికరాల్లోంచి మాటమాత్రం చెప్పకుండా చెరిపేసింది. అది బుద్ధితక్కువ పనేనని అప్పటి సంస్థాధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణాన్ని మూసేసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ మాయమయ్యాయి. డబ్బు వాపసు ఇచ్చారు, నిజమే. పుటల్లో పాఠకులు రాసుకున్న వ్యాఖ్యలకు కూడా 25 డాలర్ల వెల కట్టారు! 2023 జూన్‌లో అమెజాన్ చైనాలో కిండిల్ దుకాణాన్ని మూసివేసి, కొన్నవాటిని దించుకోవడానికి ఏడాది గడువిచ్చింది. ప్రతిసారీ ఒక సాకు వినిపిస్తున్నది, ప్రతిసారీ పాఠకుడి హక్కు ఇంకొంత కరుగుతున్నది. ఒకసారి సహించింది మరుసటిసారికి ఆనవాయితీ అవుతున్నది.

పుస్తక చౌర్యాన్ని అరికట్టకపోతే రచయితలు నష్టపోతారన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ దొంగ ప్రతులు పంచేవారు అడ్డదారులు వెతుక్కుంటూనే ఉన్నారు, తాళం పడుతున్నది డబ్బిచ్చి కొన్నవారికే.

కళ్లకు శ్రమ ఇవ్వని ఈ-ఇంక్ తెర, వారాల తరబడి నిలిచే చార్జింగ్ ఈ పరికరాల ఘనతే. 2024 అక్టోబరులో రంగుల కిండిల్ కూడా వచ్చింది. అయినా బ్యాటరీని వినియోగదారుడే మార్చుకునే వీలుండాలన్న ఐరోపా సమాఖ్య నిబంధన 2027 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చేదాకా తయారీదారులకు తొందర లేనట్టుంది. ఇక తెలుగువారి గోడు వేరు. 2016 డిసెంబరులో కిండిల్ దుకాణం హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు తలుపు తెరిచినప్పుడు మనం బయటే నిలబడ్డాం. దాంతో స్కాన్ చేసిన పీడీఎఫ్‌లను ఆరంగుళాల తెర మీద పెద్దవి చేసుకుంటూ, అటూ ఇటూ జరుపుకుంటూ, ఒత్తులు పోల్చుకుంటూ చదివే అవస్థ చాలామందికి తప్పడం లేదు. సొంత ఫైళ్లను తీగతో ఎక్కించుకునే వీలు మాత్రం ఇప్పటికి ఉంది. అదెన్నాళ్లుంటుందో అమెజాన్‌కే తెలియాలి. అనుమతి లేకుండా చెరపడం, దుకాణం మూసేయడం, ప్రతిని దాచుకోనివ్వకపోవడం వరసగా చెల్లిపోయాక, ఆ ఒక్క వీలునూ తీసేయడానికి అడ్డు చెప్పేదెవరు?

డిజిటల్ సరుకును అమ్మేవారు, తామిస్తున్నది లైసెన్సు (వాడుకునే అనుమతి) మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పి తీరాలన్న కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 2023లో ఆన్‌లైన్ దుకాణాల మాయోపాయాలపై మార్గదర్శకాలు ప్రకటించిన మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ-పుస్తకాల అంగళ్ల మీదా దృష్టి సారించాలి. అమెజాన్ సైతం రంగుల తెరల ఊరింపు కట్టిపెట్టి, కొన్న పుస్తకాన్ని ఏ పరికరంలోనైనా తెరుచుకునే ఈపబ్ రూపంలో పాఠకుడి చేతికివ్వాలి. అది చేతకాకపోతే, పూర్తి ధర గుంజుతూ దాన్ని అమ్మకమని చెప్పుకోవడం తక్షణం మానుకోవాలి.