ఊరు ఊడ్చడమే మునిసిపాలిటీ పని, మధ్యలో కాంట్రాక్టర్ ఎందుకు?

ఒడిశాలోని బరంపురంలో తెల్లారకముందే చీపుళ్ల చప్పుడుతో పాటు తెలుగు మాటలు వినిపిస్తాయి. మా వీధి ఊడ్చే ఆమె ఎన్నో ఏళ్లుగా ఇదే పనిలో ఉంది. వీధి మారలేదు, చీపురు మారలేదు. కాంట్రాక్టర్లు మాత్రం మారుతూనే ఉన్నారు, మారినప్పుడల్లా ఆమె సర్వీసు మళ్లీ మొదటికొస్తుంది. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలంటారు. ఏ కాంట్రాక్టర్ దగ్గరా ఆమెకు అయిదేళ్లు నిండవు.

మునిసిపల్ ఉద్యోగుల కోసం అసెంబ్లీ ఏం చెయ్యాలి అన్న మాట వస్తే డీఏ, పింఛను, ఖాళీ పోస్టులు చర్చకొస్తాయి. అవీ కావాలి. కానీ ముందు చెయ్యాల్సిన పని వేరే ఉంది. 2022 అక్టోబరులో ఒడిశా ప్రభుత్వం కాంట్రాక్టు నియామకాలు రద్దు చేసి 57 వేల మందిని రెగ్యులర్ చేసింది, మంచిదే. కాంట్రాక్టు ఏజెన్సీల కింద చెత్త ఎత్తేవాళ్లు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత కోడ్, ఏ సంస్థ అయినా తన ప్రధాన పనికి కాంట్రాక్టు కూలీలను పెట్టుకోకూడదంటుంది. ఊడ్పు, చెత్త సేకరణ ప్రధాన పనుల్లోకి రావని కూడా అంటుంది, ఒక షరతుతో: ఆ సంస్థ ఏర్పడింది ఆ పని కోసం కాకపోతేనే. బ్యాంకుకు ఊడ్పు పక్క పని, ఒప్పుకుంటాను. మరి మునిసిపాలిటీకి? రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో పట్టణ స్థానిక సంస్థల పనుల్లో పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ పేరుపెట్టి రాసి ఉన్నాయి. ఊరు శుభ్రం చెయ్యడం అసలు పని కాకపోతే ఇక మునిసిపాలిటీ ఉన్నది దేనికి? మామూలుగా కాంట్రాక్టర్ల చేతే జరిగే పనికి మినహాయింపు ఉంది కదా అని అధికారులు తప్పుకోవచ్చు. ఆ దారి మూసేలా 2003 నాటి ఒడిశా మునిసిపల్ కార్పొరేషన్ చట్టాన్ని, చిన్న పట్టణాలకు వర్తించే 1950 నాటి ఒడిశా మునిసిపల్ చట్టాన్ని సవరించాలి. పారిశుద్ధ్య కార్మికుల యజమాని ఆ ఊరి పాలక సంస్థేనని, పాత సర్వీసు అంతా లెక్కలోకి వస్తుందని వాటిలో రాయాలి.

2020లో వచ్చిన ఒడిశా ప్రభుత్వ గరిమ పథకం మురుగు, సెప్టిక్ ట్యాంకుల పనివాళ్లకు రోజుకు ఆరు గంటల పని అంది. గొప్ప మాట. అయితే పథకాన్ని ఒక్క జీవోతో ఆపెయ్యొచ్చు. అది చట్టంలో ఉంటే కార్మికుడు కోర్టు మెట్లెక్కి హక్కుగా అడగగలడు. మ్యాన్‌హోల్‌లో చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. బతికుండగా ఇవ్వాల్సింది కూడా అంత గట్టిగా రాసుకోవద్దా?

డబ్బులేవి అంటారు. నగరపాలక సంస్థల ఆదాయం తక్కువన్నది నిజమే. దొడ్డిదారి నియామకాలు చెల్లవని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు అన్న మాటా నిజమే. నేనడిగేది దొడ్డిదారి కాదు. పోస్టులు మంజూరు చేసి, నోటిఫికేషన్ ఇచ్చి, పాతవాళ్ల అనుభవానికి మార్కులు వెయ్యమంటున్నాను. కాంట్రాక్టర్ లాభానికి దొరికే డబ్బు అందుకెందుకు దొరకదు?

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చిన ఊరు మాది. తొంభై ఏళ్లవుతున్నా మా కార్మికుల చేతికొచ్చే కాగితం వాళ్లు చదవగలిగే భాషలో ఉండదు. మస్టర్‌లో ఎన్ని రోజులు పడ్డాయో, పీఎఫ్ ఎంత కోశారో ఇంకొకరిని అడగాలి. చదవలేని హక్కును ఎలా అడుగుతారు? ఫిర్యాదును రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వొచ్చని రాజ్యాంగం 350వ అధికరణ చెబుతోంది. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రైబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేసిన వి.వి.గిరి పుట్టిన ఊరిది. ఆ చట్టాల సవరణల్లో ఇంకో సెక్షన్ కూడా ఉండాలి: గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల పట్టణాల్లో జీతం చీటీ, సెలవు కాగితం, ఈఎస్ఐ ఫారం ఒడియాతో పాటు తెలుగులోనూ ఇవ్వాలి.