పాల లెక్క సరే, దూడ లెక్కేది?

ఆవుకు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించే రైతు ముందుగా అడిగేది, ఆ ఆబోతు తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చిందని. తప్పేం లేదు, ఇల్లు గడిచేది పాలతోనే. కానీ ఆ ఆబోతుకు పుట్టిన దూడల్లో ఎన్ని బతికి బట్టకట్టాయన్న లెక్క రైతు దాకా రాదు.

ఈ నిర్లక్ష్యం ఖరీదెంతో అమెరికా హోల్‌స్టీన్ (హెచ్‌ఎఫ్) జాతి ఆవులను చూస్తే తెలుస్తుంది. 1962లో పుట్టిన పానీ ఫార్మ్ అర్లిండా చీఫ్ అనే ఆబోతుకు 16 వేల కూతుళ్లు. పాల దిగుబడిలో దానికి తిరుగులేదు. అందుకే దాని వీర్యం దేశాలు దాటింది, వెంటే ఒక చెడ్డ జన్యువూ దాటింది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ అది వస్తే పిండం కడుపులోనే పోతుంది. అలా ప్రపంచమంతా పోయినవి సుమారు 5 లక్షలని 2016లో అంచనా వేశారు. దాదాపు యాభై ఏళ్లు ఎవరూ కనిపెట్టలేదు. పాలను పూటపూటా కొలిచారు, పోయిన దూడను మాత్రం ఏ తండ్రి ఖాతాలోనూ రాయలేదు మరి! దూడకు రోగనిరోధక శక్తి లేకుండా చేసే బ్లాడ్ జబ్బూ ఇలాగే ఒక పేరుమోసిన ఆబోతు నుంచి పాకింది. మన వీర్య కేంద్రాల్లో హెచ్‌ఎఫ్ ఆబోతులకు ఆ పరీక్ష, అలాంటివే మరికొన్ని ఉన్నాయి. అక్కడితో ఆగిపోయాం.

దూడలు పోయేది పోషణ లేక, జన్యువుల వల్ల కాదంటారు. చాలావరకు నిజమే. వెంటనే జున్నుపాలు తాగని, బొడ్డుకు అయోడిన్ పడని, నట్టల మందు అందని దూడను ఏ జాతీ కాపాడదు. దున్నదూడైతే మరీ ఘోరం: గేదె చేపేదాకా రెండు గుక్కలు, ఆపైన గుంజే గతి. దూడ బతుకులో వారసత్వం వాటా ఒకటి రెండు శాతమే. అయినా డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ ఉమ్మడిగా ఇచ్చే ఆబోతుల ర్యాంకుల్లో దూడల బతుకుకూ మార్కులున్నాయి. పోషణ ప్రతి దూడకూ మొదటి నుంచి చేయాల్సిందే, మంచి ఆబోతు ఎంపిక ఫలం మాత్రం తరం తర్వాత తరానికి పోగవుతుంది.

మనమూ ఈ లెక్క తీయడానికి పెద్ద ల్యాబులేం అక్కర్లేదు. తల్లి చెవికి 12 అంకెల ట్యాగు ఉంది, ఏ ఆబోతు స్ట్రా (వీర్యం గొట్టం) వేశారో రాస్తున్నారు. పుట్టిన మూడో నెలకు దూడ ఉందా, పోయిందా అనే ఒక్క గడి చేర్చితే చాలు. తన చెవికి ట్యాగు పడకముందే పోయిన దూడ సర్కారు దృష్టిలో అసలు పుట్టనే లేదు. కౌలు రైతు గోడూ ఇదే. పాస్‌బుక్ లేదు కాబట్టి పంట మునిగినా చాలాసార్లు జాబితాలో ఆయన పేరుండదు, పరిహారం భూయజమాని ఖాతాకు పోతుంది.

సూది వేసే గోపాలమిత్రకే ఈ పని అప్పగించి, దూడను చూసి రాసినందుకు పాతికో యాభయ్యో ఇవ్వండి. పశుసంవర్ధక శాఖ బడ్జెట్‌లో అదేమంత భారం?